రెండడుగుల ఉప్పునీళ్లు

ఆ రెండేళ్లూ నాకు ఒక్కచోట కూర్చోవడం చేతకాలేదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు పరీక్ష రాశాను. జాబితాలో నా నంబరు వచ్చింది. సర్టిఫికెట్లు చూపించి, సంతకాలు పెట్టి, ఇక ఆర్డర్ చేతికి రావడమే తరువాయి అనుకుంటుండగా ఎవరో కోర్టుకు వెళ్లారు. నియామకాలు ఆగిపోయాయి. అప్పుడు నాకు ముప్పై నాలుగేళ్లు. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం మూడు దాకా రక్తాలు తీసి, స్లైడ్లు చూసి, రిపోర్టులు రాసేదాన్ని. ఆ ఎనిమిది గంటలూ ఎలాగో గడిచేవి. ఇంటికి వచ్చాకే అసలు అవస్థ. నాలాగే ఆగిపోయిన వాళ్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. రేపు మన కేసు ఉందట అని ఒకరు పెడతారు. లిస్టులో కింద ఉంది, రాకపోవచ్చు అని ఇంకొకరు. ఫోన్ బోర్లా పెట్టి వంటింట్లోకి వెళ్లేదాన్ని. ఎందుకు వెళ్లానో మర్చిపోయి తిరిగి వచ్చి ఫోన్ తిప్పి చూసేదాన్ని. మడతపెట్టిన బట్టలే విప్పి మళ్లీ మడతపెట్టేదాన్ని.

ఇంట్లో నేనూ, నన్ను కన్న అవ్వా ఇద్దరమే. అవ్వది ఖానాపూర్ దగ్గర ఒక పల్లె. ముప్పై ఏళ్లు బీడీలు చుట్టి నన్ను చదివించింది. బాపు పోయాక ఊళ్లో ఇల్లు మూసేసి నాతో వచ్చి ఉంటోంది.

"ఏందే గట్ల తిరుగుతవ్? జర ఒక్క దిక్కు కూసో. నిన్ను జూస్తె నాకే కండ్లు తిరుగుతున్నయ్" అనేది.

"కూసుంటె పానం కొట్టుకుంటది అవ్వా" అనేదాన్ని.

ఆ పరిస్థితుల్లో ఒకసారి ఐదారుగురం కలిసి వకీలును చూడ్డానికి హైదరాబాద్ వెళ్లాం. ఆయన కోర్టు నుంచి ఇంకా రాలేదు, కూర్చోమన్నారు. ముందు గదిలో గోడ పక్కన ఒక గాజు తొట్టి ఉంది. నీలంగా వెలుగుతోంది. లోపల కొండలాగా పేర్చిన రాళ్లు, వాటి సందుల్లోంచి వచ్చి పోయే రెండు మూడు చేపలు. నన్ను పట్టుకున్నవి చేపలు కావు, రాళ్లమీద ఉన్నవి. గొడుగుల్లాంటివి, వేళ్లలాంటివి, ఆకుపచ్చా ఊదా రంగుల్లో నీళ్లతోపాటు ఊగుతున్నాయి. ప్లాస్టిక్ పూలనుకున్నాను. ఒక చేప తోక తగలగానే ఒక గొడుగు ముడుచుకుంది. కాసేపాగి మెల్లగా విచ్చుకుంది. నేను లేచి దగ్గరికి వెళ్లి గాజుకు ముఖం ఆనించాను.

అక్కడి గుమస్తా, తెల్ల మీసాల పెద్దాయన, ఫైళ్లు కట్టుకుంటూ నావైపు చూశాడు. "బతికున్నయమ్మా అవి. మెత్త పగడాలు. మా సార్‌కు పిచ్చి. సార్‌కు పిచ్చి, కడుగుడు నాది" అన్నాడు.

"సముద్రం నీళ్లు యాడికెల్లి తెస్తరు?"

"తెచ్చుడేంది, ఈడనే తయారుజేస్తం. మంచి నీళ్లల్ల దానికని వచ్చే ఉప్పు కలుపుతం. నీళ్లు, రాళ్లు పెట్టినంక రెండు నెలలు ఆగాలె. అప్పటిదాంక చేప వెయ్యొద్దు. జల్ది చేస్తె అన్ని సస్తయ్."

వకీలు రావడానికి మూడు గంటలు పట్టిందని మావాళ్లు విసుక్కుంటుంటే ఆశ్చర్యపోయాను. ఆ మూడు గంటల్లో నేను ఫోన్ తీయలేదు. వకీలు ఇంకో తేదీ ఏదో చెప్పాడు. బస్సు సిద్దిపేట దాటేలోపు నేను ఒక తొట్టి పెట్టాలని నిశ్చయించుకున్నాను.

కరీంనగర్‌లో రంగు చేపలు అమ్మే దుకాణానికి వెళ్లి అడిగితే అతను నవ్వాడు. "ఉప్పునీళ్ల చేపలా అక్కా? మన దిక్కు నడువయ్. ఒకాయన పెట్టిండు. పదిహేను దినాలల్ల అన్ని సచ్చినయ్. గదే తొట్టిల గోల్డ్ ఫిష్ వేసుకున్నడు. మీరు గూడ గవే తీస్కపోండ్రి, ఫికర్ ఉండది."

"తొట్టి చెయ్యన్నా. రెండు అడుగులది. చిన్నదే" అన్నాను.

అతను చేసి ఇచ్చాడు. నీళ్లను తిప్పే చిన్న మోటారు, హీటరు, దీపం కూడా అతని దగ్గరే దొరికాయి. ఉప్పూ రాళ్లూ హైదరాబాద్ నుంచి మోసుకొచ్చాను. వాటర్ ప్లాంట్ నుంచి నీళ్ల క్యాన్లు తెప్పించి బకెట్లలో ఉప్పు కలుపుతుంటే అవ్వ వంటింట్లోంచి దొడ్డుప్పు డబ్బా తెచ్చి చూపించింది.

"ఇంట్ల ఉప్పు లేదా? గీ ఉప్పు ఏం పాపం జేసింది?"

"గది వేరే, గిది వేరే అవ్వా. సముద్రంల ఒక్క ఉప్పే ఉండది. సున్నం ఉంటది, మెగ్నీషియం ఉంటది, ఇంక శానా ఉంటయ్."

ఉప్పు సరిపోయిందో లేదో కొలవడానికి మా ల్యాబ్‌లో బీరువాలో పడి ఉన్న పాత పరికరం ఒకటి అడిగి తెచ్చుకున్నాను. చేతిలో పట్టేంత దుర్భిణిలాగా ఉంటుంది. అద్దంమీద ఒక చుక్క వేసి వెలుతురుకు పెట్టి చూస్తే లోపల నీలం గీత ఎక్కడ ఆగిందో కనపడుతుంది. మేం దాంతో మూత్రం చిక్కదనం చూసేవాళ్లం. ఆ మాట నోరు జారి అవ్వకు చెప్పాను.

"ఛీ! ఉచ్చ జూసే దాంతోని జూస్తున్నవా! గా చేతులతోని అన్నం ముట్టకు" అని అవ్వ రెండడుగులు వెనక్కి వేసింది. ఆ సాయంత్రమంతా నవ్వుతూనే ఉంది.

ఇక ఆగడం మొదలైంది. కొత్త నీళ్లలో చేప వదిలే మలినాన్ని తినే సూక్ష్మజీవులు ఉండవు. అవి పుట్టాలి, పెరగాలి. వాటికి తిండిగా ఏదైనా కుళ్లబెట్టాలి. బజార్లో రొయ్యలు తెచ్చి ఒకటి తొట్టిలో వేశాను, మిగిలినవి అవ్వ కూర వండింది. నాలుగో రోజుకు ఇల్లంతా వాసన. రొయ్య చుట్టూ తెల్లని బూజు. చేపల్లేని తొట్టిలో ఒక కుళ్లిన రొయ్య, దానికి దీపం, మోటారు. ఇంట్లో ఏదో సచ్చిందని అవ్వ మంచాల కిందంతా వెతికింది.

నీళ్లలో అమ్మోనియా ఎంతుందో చూడడానికి చుక్కల సీసాలు ఉంటాయి. చిన్న గాజు గొట్టంలో నీళ్లు తీసుకుని చుక్కలు వేసి, వచ్చిన రంగును కార్డుమీద రంగులతో పోల్చుకోవాలి. వారానికి రెండుసార్లు చూస్తే చాలు. నేను పొద్దున డ్యూటీకి వెళ్లే ముందు చూసేదాన్ని. వచ్చి చెప్పులు విడవకముందే చూసేదాన్ని. పొద్దుగూకే వేళ ఇంకోసారి. పది రోజుల్లో సీసా ఖాళీ అయింది, ఇంకోటి తెప్పించాను. చూసినంత మాత్రాన రంగు మారదని నాకు తెలియదా! కల్చర్ రిపోర్టు ఎప్పుడిస్తారని తొందరపెట్టే వాళ్లకు రోజూ కౌంటర్ దగ్గర చెప్పేదాన్ని, సూక్ష్మజీవి పెరగడానికి దాని టైం దానికి కావాలి, రెండ్రోజులు ఆగండని. ఇంటికొచ్చి నేను చేసే పని ఇది.

పదిహేడో రోజు పొద్దున అమ్మోనియా లేదని వచ్చింది. దాని తర్వాత పుట్టే ఇంకో విషం ఇంకా ఉంది, గొట్టంలో నీళ్లు ఊదా రంగుకు తిరిగాయి. చూశాను. చూసి కూడా పట్టించుకోలేదు. ఎందుకంటే అదే రోజు మధ్యాహ్నం గ్రూపులో కేసు మళ్లీ వాయిదా పడిందని వచ్చింది. ఈసారి రెండు నెలలకు. తెల్లారి ఆదివారం. మొదటి బస్సెక్కి హైదరాబాద్ వెళ్లి ఒక నీలం చేపను సంచీలో తెచ్చాను. బొటనవేలంత ఉంది. తొట్టిలోకి దిగగానే రాళ్లన్నీ చుట్టి వచ్చింది. అవ్వ కుర్చీ వేసుకుని కూర్చుని "మంచిగుంది పో" అంది.

మూడో రోజుకు అది మోటారు దగ్గర పైకి వచ్చి నోరు తెరిచి మూస్తూ నిలబడింది. సగం నీళ్లు మార్చాను. నాలుగో రోజు నేను ల్యాబ్ నుంచి వచ్చేసరికి అవ్వ దాన్ని తీసి ఒక తమలపాకులో పెట్టి ఉంచింది.

"గా ముసలాయన రెండు నెలలు ఆగమన్నడని నువ్వే చెప్పినవ్. నీ పరేషాన్‌ల దాని పానం దీసినవ్ బిడ్డా" అంది.

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. "నీకేం తెలుసు నా బాధ" అని అరిచాను. చేపను కింద కరివేపాకు చెట్టు మొదట్లో ఆమే పూడ్చింది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాను. ఆమె మాట నిజం కాబట్టే మాట్లాడలేకపోయానని ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

తర్వాత సీసాలన్నీ ఒక డబ్బాలో పెట్టి మూతకు టేపు వేశాను. ఆదివారం తప్ప తీయనని ఒట్టు పెట్టుకున్నాను. మొదటి వారం నరకంలా గడిచింది. తర్వాత చూడ్డానికి వేరేవి వచ్చాయి. రాళ్లమీద గోధుమరంగు దుమ్ములాంటిది పరుచుకుంది. పది రోజులకు అది పోయి పచ్చని నాచు పట్టింది. ఒకరోజు అవ్వ గాజు దగ్గర కళ్లు చిట్లించి పిలిచింది.

"బిడ్డా, ఇటు రా. గాజు మీద పేన్ల లెక్క ఏవో పారుతున్నయ్."

చూస్తే నిజమే. తెల్లని చుక్కలు, ఆవగింజలో సగం కూడా లేవు, ఆగి ఆగి గెంతుతున్నాయి. రాళ్లలో ఎక్కడో నిద్రపోయి వచ్చిన జీవాలు. అంటే నీళ్లు బతకడానికి పనికొచ్చాయన్నమాట. ఆ మాట అవ్వకు చెబితే "మరి గిప్పుడు వేస్తవా చేపలు?" అంది. "ఇంకో పదిహేను రోజులాగుదాం" అన్నాను. ఆమె నావైపు ఒకసారి చూసి మళ్లీ గాజు వైపు తిరిగింది.

ఆ పదిహేను రోజులూ అయ్యాకే రెండు క్లౌన్ చేపలు వచ్చాయి, నారింజ రంగుమీద తెల్ల పట్టీలున్నవి. మరుసటి వాయిదాకు హైదరాబాద్ వెళ్లినప్పుడు వకీలు గుమస్తా వాళ్ల తొట్టిలోని మెత్త పగడంలోంచి చిన్న ముక్క కోసి రాయికి అంటించి ఇచ్చాడు. "దీన్ని రోజు జరుపకు, ఒక్క తాన పెట్టి మర్చిపో" అని చెప్పి మరీ ఇచ్చాడు. అవ్వ మెడలో వేసుకునే పూసల తాడుకు రెండు పగడాలు ఉన్నాయి. వాటిని పట్టుకుని తొట్టిలోకి, తాడు వైపుకు మార్చి మార్చి చూసింది. "గిది పగడమంటె ఎట్ల నమ్మాలె? మెత్తగ దూదిలెక్కున్నది" అంది.

ఎండాకాలం వచ్చింది. మా డాబా ఇల్లు పెనంలా కాగేది. నీళ్లు ముప్పై డిగ్రీలు దాటితే పగడం ముడుచుకుపోతుంది. సీసాల్లో మంచుగడ్డలు వేసి తేలవేశాను, సరిపోలేదు. ఒకరోజు ల్యాబ్ నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క టేబుల్ ఫ్యాన్ తొట్టి వైపు తిరిగి ఉంది. అవ్వ చెమటతో తడిసి గడప దగ్గర విసనకర్రతో కూర్చుంది.

"నాకు ఎండలు కొత్తనా? గవి జూడలే గద" అంది.

ఆ వానాకాలం కేసు తేలింది. ఆర్డర్ వచ్చింది. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూర్. వెంటనే వెళ్లి చేరాలి. గ్రూపులో అందరూ పటాకుల బొమ్మలు పెట్టుకుంటుంటే నేను మాత్రం తొట్టి ముందు కూర్చున్నాను. అడవి దారి, కరెంటు ఎలా ఉంటుందో, చలి ఎలా ఉంటుందో. తొట్టిని తానే కొంటానని చేపల దుకాణం అతను అన్నాడు. ఇచ్చేద్దామా అని అవ్వను అడిగాను.

"రెండేండ్లు గీ నౌకరీ నౌకరీ అని ఎగిరినవ్. వచ్చినంక ముఖం గట్ల పెట్టినవేంది?" అంది. "చేపలను ఇచ్చుడేంది? బకెట్ల పెట్టుకోని పోదాం."

ఒక బొలెరో మాట్లాడుకున్నాం. తొట్టి నీళ్లు క్యాన్లలోకి, రాళ్లు, పగడం ఒక బకెట్లోకి, చేపలు మూతున్న ఇంకో బకెట్లోకి. దానికి బ్యాటరీతో నడిచే గాలి మోటారు. అవ్వ ముందు సీట్లో ఆ బకెట్‌ను కాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చుంది. జగిత్యాల దాటాక డ్రైవర్ ఉండబట్టలేక అడిగాడు.

"బకెట్ల ఏమున్నయవ్వా?"

"చేపలు."

"కూరకా?"

"కూరకు గాదు నాయినా. సాదుకునేటియి. జర గుంతలు జూసి నడుపు."

అతను ఆ తర్వాత ప్రతి గుంత దగ్గరా బండిని దాదాపు ఆపి దించాడు. గోదావరి దాటి, ఖానాపూర్ మీదుగా ఉట్నూర్ చేరేసరికి సాయంత్రమైంది. నేను వెనక రాళ్ల బకెట్ పట్టుకుని కూర్చుని దారి పొడవునా ఏమైందో ఏమైందో అని మూతెత్తి చూస్తూనే ఉన్నాను. ముందు సీట్లోంచి అవ్వ రెండుసార్లు తిరిగి "మూత పెట్టు" అని గదిమింది.

కొత్త ఇంట్లోనూ తొట్టి నిలబడింది. కొత్త పని, కొత్త మనుషులు, గోండు పల్లెలకు వెళ్లి రక్త పరీక్షలు చేసే క్యాంపులు. ఆదిలాబాద్ చలి గురించి విన్నాను కానీ ఇలా ఉంటుందని అనుకోలేదు. పుష్యమాసంలో పొద్దున పది దాకా స్వెటర్ విప్పలేకపోయేవాళ్లం. తొట్టిలో హీటరు రోజంతా ఎర్రగా వెలుగుతూనే ఉండేది.

ఒకరోజు క్యాంపు కోసం పొద్దున తొమ్మిదికి జీపులో బయల్దేరాం. అడవిలో ఊరు, ఫోన్ సిగ్నల్ లేదు. మధ్యాహ్నం మందులు తీసుకుని ఇంకో జీపు వచ్చింది. అందులో వచ్చిన నర్సు మాటల్లో చెప్పింది, లైన్ తెగి ఉట్నూర్‌లో పొద్దట్నుంచి కరెంటు లేదని. నా చేతిలో సూది ఆగింది. ఎదురుగా కూర్చున్న ముసలాయన నా ముఖం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంకా నలభై మంది వరుసలో ఉన్నారు. హీటరు లేదు, మోటారు లేదు. నాలుగు గంటలైపోయి ఉంటుంది, ఐదు అయిపోయి ఉంటుంది అని లెక్కపెట్టుకుంటూ ఒక్కొక్కరి రక్తం తీశాను. ప్రతి సీసామీదా నంబరు రెండుసార్లు సరిచూసుకున్నాను, నా మీద నాకు నమ్మకం లేక. తిరిగి వస్తుంటే జీపు డ్రైవర్‌ను ఎన్నిసార్లు "జర జల్ది అన్నా" అన్నానో! చివరికి అతను "మేడం, ఇంట్ల ఎవరికన్న పానం బాగలేదా?" అని అడిగాడు.

ఇంటి తలుపు తీసే ఉంది. ఇంకా కరెంటు రాలేదు. తొట్టికి మూడు వైపులా బొంత చుట్టి, పైన నా శాలువా సగం కప్పి ఉంది. కిటికీ వెలుతురు పడేలా ముందు గాజు మాత్రం వదిలింది. అవ్వ స్టూలుమీద కూర్చుని గిలాసతో నీళ్లు ముంచి, మూరెడు ఎత్తునుంచి మళ్లీ తొట్టిలోకే పోస్తోంది. ముంచడం, పోయడం. మూత గట్టిగా బిగించిన వేడినీళ్ల సీసాలు రెండు నీళ్లలో తేలుతున్నాయి. చేపలు రెండూ ఒక మూలన కింద ఉన్నాయి. మొప్పలు ఆడుతున్నాయి.

"కరెంటు ఎప్పుడు పోయిందవ్వా?"

"నువ్వు పోయినంక గంటకు."

ఏడు గంటలు. గిలాస తీసుకోబోతే ఇవ్వలేదు. "ఆగు, లెక్క తప్పుతది" అంది. ఏం లెక్క అని అడిగితే, నూరు గిలాసలు పోసి, ఒకసారి సీసాల్లో నీళ్లు మార్చి, మళ్లీ నూరు పోస్తున్నానంది. బీడీ కట్టలు లెక్కపెట్టినట్టు.

"గిట్ల చెయ్యాల్నని నీకెవరు చెప్పిండ్రు?"

"నువ్వే చెప్పినవ్ గద. నీళ్లు ఆడకుంటె వాటికి గాలి అందదని."

ఎప్పుడో మోటారు తీగ ఆమె కాలికి తగిలి ఊడినప్పుడు విసుక్కుంటూ అన్న మాట అది. ఆమె చేతిలోంచి గిలాస బలవంతంగా తీసుకున్నాను. కుడి మణికట్టు వాచి, వేళ్లు ముడుచుకుని తెరుచుకోవడం లేదు. నేను పోస్తుంటే ఆమె పక్కన కూర్చుని "జర పైకెల్లి పొయ్ నీళ్లు" అని చెబుతూ ఉంది. పొద్దుగూకాక కరెంటు వచ్చింది. మోటారు గుర్రుమని కదిలింది. ఆమె చేతికి మందు రాసి, వేడిగుడ్డ పెట్టి, ఒక్కో వేలూ మెల్లగా చాపాను.

"అప్పుడు కరీంనగర్‌ల నీమీద అరిచిన అవ్వా, నీలం చేప పోయిన నాడు" అన్నాను.

"అరిచినవా? నాకు యాదికి లేదు" అంది. యాదికి ఉందని ఆమె గొంతులోనే తెలిసింది.

చేపలు రెండూ బతికాయి. పగడం తొమ్మిది రోజులు ముడుచుకునే ఉంది. ఒక పక్క తెల్లబడి రాలిపోయింది. మిగిలిన సగం పదో రోజు విచ్చుకుంది. ఇన్వర్టర్ పెట్టించాను. అవ్వ మణికట్టు వాపు తగ్గింది కానీ ఇప్పటికీ ఆ చేత్తో నీళ్ల బిందె ఎత్తలేదు.

ఈమధ్య బదిలీలకు దరఖాస్తు పెట్టుకోమని కాగితం వచ్చింది. కరీంనగర్‌లో ఖాళీ ఉంది. కాగితం వచ్చిన రోజు నుంచీ నా కాలు మళ్లీ ఇంట్లో నిలవడం లేదు. అవ్వకు చెప్పాను.

"నేను రాను" అంది, బియ్యం ఏరుతూ. "ఈడికెల్లి మా ఊరు బస్సెక్కితె గంట దూరం. మా చెల్లె వస్తది, నేను పోత. నాకు ఈడ మంచిగుంది. నీకు యాడ ఉన్నా ఇంకో దిక్కే కనవడ్తది. పోతె పో. వీటిని నేను సూసుకుంట."

"నీళ్లు మార్చుడు నీతోని ఎట్లయితది? చెయ్యి గట్లుండంగ."

"నేర్పితె ఎందుకు కాదు?"

ఆ ఆదివారం నేర్పాను. తొట్టిలోంచి కిందికి నీళ్లు దించడానికి సన్న పైపు ఒక కొస నీళ్లలో ముంచి, ఇంకో కొస నోటితో పీల్చి వదలాలి. కొంచెమే పీల్చమన్నాను. ఆమె గట్టిగా పీల్చింది. నోరంతా ఉప్పునీళ్లు. ఉమ్మేసి, కొంగుతో మూతి తుడుచుకుని, పైపు బకెట్లోకి వదిలింది. నీళ్లు ధారగా దిగుతుంటే నేను బకెట్ నిండే గీత దగ్గర వేలు పెట్టి పట్టుకున్నాను. దరఖాస్తుకు ఇంకా ఆరు రోజుల గడువుంది.

"ఇగ చాలు, పైపు తీ" అన్నాను.

"ఆగు, ఇంకింత పట్టనీ" అంది అవ్వ.